కుంకుమ పెట్టిన కంప్యూటర్

గులాబీల మధ్య చావు అందంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ప్రశాంత్ చావు చూడలేదన్నమాట.

మత్తిగిరి దాటి కాస్త ముందుకు పోతే తెల్ల ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్‌లు వరసగా కనిపిస్తాయి. విమానమెక్కి పరదేశాలకు పోయే గులాబీలు వాటిలోనే పెరుగుతాయి. ఆయుధ పూజకు ముందు రోజు పొద్దున ఆ పూల వరసల మధ్య ప్రశాంత్ ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తుతున్నాడు. బాపట్ల నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ హోసూరు వచ్చిన పిల్లవాడు. సైన్యానికి రాకెట్ మందు తయారుచేసే కోదండ ప్రొపెల్లెంట్స్ అనే ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని. ముళ్ళు పట్టి లాగితే ముందు చొక్కా పోయింది. తరువాత చర్మమూ పోయింది.

వెనుక ఏళుమలై వస్తున్నాడు. పరుగెత్తడం లేదు, నడుస్తున్నాడు. మేకను కట్టేసినవాడికి తొందరేముంది? బర్గూరు క్వారీల్లో బండలతో పాటు పెరిగిన ఒళ్ళు. చేతిలో గులాబీ కొమ్మలు కత్తిరించే కత్తెర.

"యాడికి పోతావు తమ్ముడూ? ఆ పక్క తలుపు నేనే మూసి వచ్చినాను," అన్నాడు.

అప్పుడే ఈ పక్క తలుపు తన్ని తిలక్ లోపలికి దూకాడు.

తిలక్‌ది గురుబరపల్లి. తాతల నాటి నుంచీ రాగులూ మామిడీ పండించే కుటుంబం. ఊళ్ళో అందరికీ అతను బోరు మోటార్లు అమ్మే సేల్స్‌మన్. డిపార్ట్‌మెంట్‌లో మాత్రం గూఢచారి, పేరు ఏజెంట్ మల్గోవా. ప్రాణభయం ఉందని, ఇక్కడికి రమ్మని ప్రశాంత్ ముందు రోజే డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేశాడు. హైవే మీద ఒక లారీ అడ్డం తిరిగి తిలక్‌కు ఆలస్యమైంది. ఆ లారీవాడు ఇప్పటికీ ఎక్కడో హాయిగా టీ తాగుతూ ఉంటాడు. తన వల్ల ఏం జరిగిందో వాడికేం తెలుసు?

"కత్తెర కింద పెట్టు!" తిలక్ పిస్టల్ ఎత్తాడు.

ఏళుమలై పెట్టాడు. ప్రశాంత్ మెడలో పెట్టాడు.

పిస్టల్ పేలింది. ఏళుమలై ఎడమ చెవి తెగి గులాబీ మొక్కల్లో పడింది. వాడు అరవలేదు. పక్కనున్న పురుగుమందు డబ్బా ఎత్తి తిలక్ ముఖం మీద కుమ్మరించాడు. కళ్ళు భగ్గుమన్నాయి. తడుముకుంటూ తిలక్ కాల్చిన రెండో గుండు ప్లాస్టిక్ కప్పును చీల్చింది. ఆ చీలికలోంచే ఏళుమలై బయటికి దూకి మాయమయ్యాడు.

డ్రిప్ పైపు కోసి ఆ నీళ్ళతో కళ్ళు కడుక్కుని తిలక్ కుర్రవాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అన్నా... రేపు పూజ అయ్యాక ఎక్సెల్ తెరుస్తారు. తెరవనివ్వకండి." నోట్లోంచి మాటతో పాటు నెత్తురు వచ్చింది. "స్టార్టప్ ఫోల్డర్‌లో పెట్టారు... తెరిస్తే..."

తెరిస్తే ఏమవుతుందో చెప్పకుండానే తెరిచిన కళ్ళతో పోయాడు.

కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. సీజన్ అయిపోగానే దాని తలుపులు మూసుకుంటాయి. ఆ మూసిన తలుపుల వెనుకే డిపార్ట్‌మెంట్ ఆఫీసు.

"ఈ ఏడు కాయ ఎట్లుంది?" కిటికీ వెనుక నుంచి ఒక గొంతు.

"టెంక పెద్దది, తీపి తక్కువ," అన్నాడు తిలక్.

తలుపు తెరుచుకుంది. చీఫ్ దుర్గాదేవి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చుని ఉంది. కాసంత బొట్టు, కళ్ళజోడు, ఒళ్ళో తుపాకి. ఎవరినైనా ఒక్కసారి చూస్తే వాళ్ళ ముత్తాత అబద్ధాలు కూడా బయటపడతాయని పేరున్న మనిషి.

"మనిషి పోయినాడు. మాట మిగిలింది. చెప్పు," అంది.

తిలక్ చెప్పాడు. పక్కనున్న టెక్నికల్ వాళ్ళు తలలు ఊపారు.

వాళ్ళు వివరించినదాన్ని మనకు అర్థమయ్యేటట్టు చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది. ఎక్సెల్ అంటే గళ్ళ చీర. ఒక్కో గడిలో ఒక్కో అంకె. రోజూ చేసే పనిని దానికి ఒకసారి నేర్పి పెడితే తరువాత అదే చేసుకుపోతుంది. ఆ నేర్పిన పనికి మాక్రో అని పేరు. స్టార్టప్ ఫోల్డర్ అని కంప్యూటర్‌లో ఒక గూడు ఉంది. అందులో పెట్టిన మాక్రో, ఎక్సెల్ తెరిచిన ప్రతిసారీ ఎవరూ పిలవకుండానే లేచి కూర్చుంటుంది. వాకిలి తీయగానే కల్లాపి చల్లి ముగ్గేసే కోడలి లాంటిది. కోడలు మంచిదైతే ఇల్లు చల్లగా ఉంటుంది. ఎవరో పంపిన దొంగ కోడలైతే, ముగ్గు చాటునే ఇల్లు అంటుకుంటుంది.

"పెట్టింది కోబాల్ట్ రింగ్," అంది దుర్గాదేవి. "సరిహద్దు అవతలి ముఠా. నాయకుడు బ్రూనో క్రేన్. గులాబీలు కొనేదానికి వచ్చినానని హోసూరంతా తిరుగుతా ఉండాడు. వాళ్ళలో మన మనిషి ఒకతె ఉండాది. పూర్ణిమ. ఆఫీసుల్లో ఎక్సెల్ క్లాసులు చెప్తాది. వాళ్ళ మనిషే అని వాళ్ళ నమ్మకం."

"నిజంగా ఎవరి మనిషి మేడమ్?"

"అది తేలిపోయిన పొద్దు ఆమెకు ఉద్యోగం ఉండదప్పా."

"ఫ్యాక్టరీ మూయించేద్దామా?"

"మూస్తే క్రేన్ ఎగిరిపోతాడు. చప్పుడు చేయకుండా విషం తీసేద్దాం. రేపు వాడు బోనులో పడతాడు."

మధ్యాహ్నానికల్లా డిపార్ట్‌మెంట్ వాళ్ళు యాంటీవైరస్ కంపెనీ చొక్కాలు తొడుక్కుని ఫ్యాక్టరీలోకి పోయారు. ఆఫీసు కంప్యూటర్లన్నీ గాలించారు. కొన్నింటిలో ఆ దొంగ ఫైల్ దొరికింది. తుడిచేశారు. సాయంత్రం తిలక్ ఫోన్‌కు చీఫ్ కబురు వచ్చింది: కాయలో పురుగు లేదు.

ఆ కబురు నమ్మే తిలక్ మత్తిగిరిలో అక్క గౌరి ఇంటికి పోయాడు. గౌరి ఆ ఫ్యాక్టరీలోనే ఓవెన్ రూములో పని చేస్తుంది. తడిపిన మందు కణికలను ఆరబెట్టే పెద్ద పెద్ద ఓవెన్లవి. ఆయుధ పూజ నాడు పనివాళ్ళంతా పెళ్ళాం పిల్లలతో ఫ్యాక్టరీకి రావడం అక్కడి ఆనవాయితీ. కొత్త బట్టలు, బొరుగులు, బెల్లం, మేళం. పిల్లలకు మిషన్లు చూపిస్తారు.

"కండ్లేమిరా అట్ల ఎర్రగా ఉండాయి? తాగినావా?" అంది గౌరి గడపలోనే.

"మోటారు గ్రీసు పడింది అక్కా."

"నీ మోటార్లు తగలబెట్ట! ఎప్పుడు చూసినా బోరు, బోరు. నీకు పిల్లనిచ్చేవాడు గూడా బోరుబావిలోనే దొరకాల." ఏడేళ్ళ కూతురికి గాజులు వేసి చూసుకుంటూ అడిగింది. "రేపు పూజకు వస్తావా, రావా? దీనికి మా ఓవెన్ చూపిస్తానని చెప్పినాను. నువ్వు మొగం అట్ల పెట్టుకొని ఉండావే, పోవద్దా ఏమి?"

తిలక్ ఫోన్‌లో ఆ కబురు మళ్ళీ చూసుకున్నాడు. పురుగు లేదని చీఫే చెప్పింది కదా.

"పో అక్కా. బిడ్డను గూడా తీసుకొని పో," అన్నాడు.

ఆ మాట అతనే అన్నాడు. ఇంకెవరో కాదు.

మర్నాడు పొద్దున పూర్ణిమ నుంచి మెసేజ్: క్రేన్ బర్గూరులో గ్రానైట్ షెడ్డులో ఉన్నాడు. ఈ రోజే దేశం దాటుతాడు.

తిలక్ సఫారీ సూటు వేసుకుని, మీసం అతికించుకుని, రాళ్ళు కొనే సేట్‌లా బర్గూరు చేరాడు. చేతిలో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో చిత్రాన్నం, మధ్య గిన్నెలో ట్రాన్స్‌మిటర్, అడుగు గిన్నెలో పిస్టల్. షెడ్డులో పనివాళ్ళు లేరు. పాలిష్ మిషన్లూ, బండలు కోసే వైర్ సా అన్నీ కడిగి, చందనం పూసి, బంతిపూలు వేసి ఉన్నాయి. నిలువెత్తు గ్రానైట్ పలకలు వరసగా వాలి నిలబడి ఉన్నాయి.

పలకల మధ్య నుంచి పూర్ణిమ వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, మల్లెపూలు. ఆమె నడిచి వస్తుంటే ఆ షెడ్డులో రాళ్ళు కూడా కాస్త పక్కకు జరిగినట్టే అనిపించింది.

"ఈ ఏడు కాయ ఎట్లుంది?" అంది.

"టెంక పెద్దది..."

మాట పూర్తికాలేదు. క్యారియర్ లాక్కుని, అడుగు గిన్నె విప్పి, అతని పిస్టల్ అతని కణతకే పెట్టింది.

"తీపి నాకు తెలుసులేప్పా. చేతులెత్తు."

వెనుక నుంచి ఏళుమలై దుడ్డుకర్రలాంటి చేత్తో వీపు మీద గుద్దాడు. తిలక్ ముందుకు పడ్డాడు. చెవి ఉండాల్సిన చోట గుడ్డ కట్టుకున్న ఆ మనిషి బూటు అతని కుడిచేతి మీద నిలబడి గిర్రున తిరిగింది. వేళ్ళు విరిగిన చప్పుడు తిలక్‌కే వినిపించింది. తరువాత ట్రాన్స్‌మిటర్, ఫోన్ రెండూ బండ కింద పొడి అయ్యాయి.

తెల్ల సూటు క్రేన్ కుర్చీలో కూర్చుని బొరుగులు తింటున్నాడు.

"మీ వాళ్ళు నిన్న బాగా శుభ్రం చేశారట. చాలా సంతోషం," అన్నాడు ఇంగ్లీషులో. "కానీ ఒక్క కంప్యూటర్ వదిలేశారు. ఓవెన్ రూములోది. దానికి అప్పటికే కుంకుమ పెట్టి, పట్టుగుడ్డ కప్పారు. పూజకు పెట్టినదాన్ని మీ వాళ్ళే మీ వాళ్ళను ముట్టనివ్వలేదు! ఈ ఆచారం నాకు చెప్పింది మన ఏళుమలైనే."

తిలక్ నేల మీది నుంచి తలెత్తాడు.

"ఆ మాక్రో ఏం చేస్తాది?"

"పూజ అవగానే ముసలి యజమాని దాని మీద ఎక్సెల్ తెరిచి ఓవెన్లు మొదలుపెడతాడు. తెర మీద రోజూ ఉండే వేడే కనిపిస్తుంది. ఓవెన్లకు మాత్రం దానికి మూడింతలు వెళ్తుంది. లోపల మందు ఉంది. బయట పందిట్లో పిల్లలున్నారు." బొరుగులు నోట్లో వేసుకున్నాడు. "ఏళుమలై, వైర్ సా ఆన్ చెయ్. వీణ్ణి రెండు పలకలు చెయ్."

ఏళుమలై కదల్లేదు.

"ఏమిటి?"

"పూజకు పెట్టిన మిషను సార్. ఈ పొద్దు తిప్పకూడదు."

"నువ్వు నిన్న ఒక మనిషిని చంపావు!"

"నిన్న వేరే సార్. ఈ పొద్దు పనిముట్టు తాకితే ఏడాదంతా కీడు. చేత్తోనే చంపేస్తాను, దానికేమి."

చెప్పినంత పనీ చేయబోయాడు. తిలక్ గొంతు పట్టుకుని కోడిని ఎత్తినట్టు ఎత్తాడు. తిలక్ కళ్ళకు షెడ్డు నల్లబడింది. ఎడమ బొటనవేలిని వాడి చెవి గాయంలోకి గుచ్చి తిప్పాడు. అప్పుడు అరిచాడు ఏళుమలై, క్వారీలో మందు పేలినట్టు. పట్టు సడలింది. ఇద్దరూ దొర్లారు. ఏళుమలై తల ఎత్తి తిలక్ ముక్కు మీద కొట్టాడు. నెత్తురు చిమ్మింది. అతికించిన మీసం ఊడి ఏళుమలై చెంపకు అంటుకుంది. మళ్ళీ మీదికి దూకుతున్న వాణ్ణి తప్పించుకుని, తిలక్ పలకల కింద ఆనించిన చెక్క దిమ్మను కాలితో బలమంతా పెట్టి తన్నాడు.

మొదటి పలక మెల్లగా వంగింది. ఆ వెనుకవి దాని మీద పడ్డాయి. ఏళుమలై చేతులడ్డం పెట్టాడు. ఎన్ని బండలు మోసిన చేతులైనా, అన్నీ ఒకేసారి మోయలేవు కదా. దుమ్ము లేచింది. ఒక చెయ్యి మాత్రం బయట మిగిలింది.

క్రేన్ తుపాకి తీశాడు. తిలక్ నేల మీదే ఉన్నాడు. అడ్డం ఏమీ లేదు.

పూర్ణిమ అడ్డం దూకింది. రెండు తుపాకులు ఒకేసారి పేలాయి. క్రేన్ నుదుట బొట్టంత రంధ్రం పడింది. బొరుగులు చిందరవందరగా పడ్డాయి. పూర్ణిమ భుజం పట్టుకుని పలకకు చేరగిలబడింది. నెమలికంఠం చీర నల్లగా తడుస్తోంది.

"ఇప్పుడెవరి మనిషివి నువ్వు?" అన్నాడు తిలక్ రొప్పుతూ.

"ఆ మాక్రో రాసింది నేనే. లెక్కలు దొంగిలించేదానికని చెప్పి రాయించినారు. ఇందాక వాడు చెప్పినాకే తెలిసింది వాళ్ళు దాన్నేం చేసినారో." పళ్ళు బిగించింది. "లెయ్. కారెక్కు. నీ చెయ్యి విరిగింది, నేనే తోలాల."

ఆ కారు ఎలా పోయిందో హైవే మీద బంతిపూల దండలు కట్టుకుని నింపాదిగా పోతున్న లారీలను అడగాలి. పూర్ణిమ ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతోంది. రెండో చేయి ఒళ్ళో చచ్చినట్టు పడి ఉంది. కృష్ణగిరి దగ్గర టీ కొట్టు ముందు ఆగి, ఒకాయన ఫోన్ లాక్కున్నంత పని చేసి తిలక్ చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"ఆఫ్‌లో ఉండేది కదా అని ఆ ఒక్కటీ వదిలేసినారంట, సన్నాసులు!" అంది దుర్గాదేవి. ఆమె తిట్టడం అతను ఎన్నడూ వినలేదు. "ఫ్యాక్టరీకి చేస్తానే ఉంటాను. నువ్వు పో."

మందు ఫ్యాక్టరీలోకి ఎవరూ సెల్‌ఫోన్ తీసుకుపోకూడదు. అన్నీ గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి. గేటు రూములో ల్యాండ్‌లైన్ మోగుతూనే ఉంది. మేళం ముందు పాపం ఆ ఫోనెంత? గార్డులు కూడా హారతికని లోపలికి పోయారు.

"ఆడ పోయి వైరు పీకేస్తే?" అన్నాడు తిలక్.

"లాభం లేదు. యూపీఎస్ ఉండాది, నడుస్తానే ఉంటాది." పూర్ణిమ పెదాలు తెల్లబడ్డాయి. "తెరిచేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుంటే మాక్రో లేవదు. తెరిచినాక అయితే ఏ కీ నొక్కినా ఆగదు."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కారు ఫ్యాక్టరీ గేటును గుద్దుకుని లోపలికి దూసుకుపోయింది. పూర్ణిమ తల స్టీరింగ్ మీద వాలింది. హారన్ ఆగకుండా మోగుతోంది. అదీ మేళంలో కలిసిపోయింది.

తిలక్ పరుగెత్తాడు. పందిరి నిండా పిల్లలు. కొత్త గౌన్లు, నోటి నిండా బెల్లం. ఆ వెనుక ఓవెన్ రూము తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల యజమాని కోదండరామయ్య, ఎనభై దాటిన పెద్దాయన, కంప్యూటర్ ముందు పీట వేసుకుని కూర్చున్నారు. పట్టుగుడ్డ తీసేశారు. తెర వెలుగుతోంది. మూలకొకటిగా కుంకుమ బొట్లు. పక్కన ఒకడు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి ఓవెన్ల చుట్టూ తిప్పుతున్నాడు.

"తాతా! షిఫ్ట్ నొక్కు! షిఫ్ట్!" తిలక్ గొంతు చించుకున్నాడు.

నెత్తురు ముఖంతో ఉన్న ఆ మనిషిని కోదండరామయ్య చూశారు. ఏమంటున్నాడో వినపడలేదు. పూజ నాడు వచ్చినవాణ్ణి కాదనకూడదు కాబట్టి ఎడమచెయ్యెత్తి ఆశీర్వదించారు. కుడిచేత్తో మౌస్ నొక్కారు.

తెర మీద ఆకుపచ్చ పెట్టె లేచింది. తెరుచుకుంటోంది.

"తిలకా! ఏమిరా ఈ నెత్తురు?" గౌరి అడ్డం వచ్చింది. చంకలో కూతురు. "ఆడికి పోవద్దు, పూజ జరుగుతా ఉండాది. నిన్న ఎవురో వైరస్ వాళ్ళు వస్తే నేనే తోలేసినాను, ముట్టకూడదని..."

అక్కను ఒక్క తోపు తోశాడు. జీవితంలో మొదటిసారి. ముసలి కంప్యూటర్ గుర్రుగుర్రుమంటూ ఒక్కో గడీ గీస్తోంది. వెనుక ఓవెన్ల మీద ఎర్ర దీపం ఒకటి మినుకుమంది.

వైరు పీకి లాభం లేదు. షిఫ్ట్‌కు వేళ దాటింది. తిలక్ పక్కనున్నవాడి చేతుల్లోంచి గుమ్మడికాయ లాక్కున్నాడు. కర్పూరం ఇంకా మండుతోంది. విరిగిన వేళ్ళలోంచి భుజం దాకా నొప్పి మెరుపులా పాకింది. తలపైకెత్తి, అరుస్తూ, ఉన్న బలమంతా పెట్టి కంప్యూటర్ పెట్టె మీద వేసి కొట్టాడు.

కాయ పగిలింది. పెట్టె చితికింది. నిప్పురవ్వలు, కుంకుమ నీళ్ళు, గుమ్మడి గింజలు గది నిండా చిమ్మాయి. తెర నల్లబడింది.

ఎర్ర దీపం ఆరిపోయింది.

మేళం ఆగింది. ఆ నిశ్శబ్దంలో బయట కారు హారన్ అప్పుడు వినిపించింది అందరికీ.

దుర్గాదేవి కుంటుకుంటూ వచ్చేసరికి పనివాళ్ళు తిలక్‌ను గోడకు నొక్కి పట్టుకుని ఉన్నారు. నలుగురు నాలుగు తగిలించారు కూడా. చీఫ్ నాలుగు ముక్కల్లో విషయం చెప్పింది. చెప్పాక పట్టుకున్న చేతులు వాటంతటవే జారాయి. ఒక తల్లి ఏడుపు మొదలుపెట్టింది. తరువాత ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు పిల్లల్ని వెతుక్కుంటున్నారో తెలియలేదు. పూర్ణిమను స్ట్రెచర్ మీద ఎక్కిస్తున్నారు. ఊపిరి ఆడుతోంది. ఆమె దెబ్బ తగలని చేతికి చీఫ్ స్వయంగా సంకెల వేసి, అదే చేతిని కాసేపు పట్టుకుని నిలబడింది.

గౌరి నేల మీద కూలబడి ఉంది. కూతుర్ని విడవలేదు.

"నేను తోలేయకపోయి ఉంటే..." అంది.

"పో అని చెప్పింది నేను గదా అక్కా," అన్నాడు తిలక్. అక్క భుజం మీద తల పెట్టాడు. తమ్ముడు మోటార్లు అమ్మడని ఆమెకు అప్పటికి అర్థమైంది. వాడి నెత్తురు ముఖాన్ని కొత్త చీర కొంగుతోనే తుడిచింది.

కోదండరామయ్య పీట మీద నుంచి లేవలేదు. గడ్డానికి అంటుకున్న గుమ్మడి గింజ తీసి చూసుకున్నారు. చితికిపోయిన పెట్టెను చూశారు. చివరికి తిలక్‌ను దగ్గరికి పిలిచారు.

"అరవై ఏండ్లుగా ఆ కాయను గేటు కాడ కొట్టిస్తా ఉండాను నాయనా," అన్నారు. "దిష్టి యాడుండాదో ఆడ్నే కొట్టినవాణ్ణి ఈ పొద్దే చూస్తా ఉండాను."